సముద్రం లేని ఊరి సభ్యత్వం

నాందేడ్‌లో మా ఆఫీసుకు బోర్డు ఎక్కించిన రోజున లోపలికి వచ్చిన మొట్టమొదటి మనిషి బోరు పాయింటు చూపిస్తారా అని అడిగాడు. బోర్డు మీద ఓడ బొమ్మ, దాని కింద నీలంరంగు అలలు చూసి మేము నీళ్ల సంగతి తెలిసినవాళ్లమనుకున్నాడు పాపం. ఆయనకు ఛాయ్ తాగించి, మా పని అది కాదని చెప్పి పంపాను. రెండో మనిషి తన కొడుక్కి ఓడలో ఉద్యోగం ఇప్పించమన్నాడు. మూడో మనిషి నా భార్య. "ఈ ఊళ్లె సముద్రం ఏడున్నదని పెట్టినవయ్యా ఈ దుకాణం?" అని అడిగి, జవాబు వినకుండానే కుర్చీలు తుడవడం మొదలుపెట్టింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు, ఆఫీసు గోడ మీద ఉన్న ముంబయి సర్వేయర్ల సంఘం సభ్యత్వ పత్రం చూసి, ఇది ఎలా వచ్చింది సార్ అని అడుగుతుంటారు. ఫారం నింపితే వచ్చిందని చెప్పి ఇన్నాళ్లూ తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు గానీ, నిజమంతా అందులో లేదు. ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చున్నాను, ఎవరికీ జడవాల్సిన పని లేదు. కాబట్టి చెబుతాను. నాకు పరువు దక్కే చోట మాత్రమే కాదు, పోయే చోట కూడా దాచకుండా చెబుతాను.

నాది ఇస్లాపూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఉర్దూ కలిసిన హిందీ. మా ఊరివాళ్లు ఎవరూ చూడని సముద్రం మీద ఇరవై ఏళ్లు తిరిగి చీఫ్ ఆఫీసరు దాకా వచ్చాను. ఓడలో సరుకు బాధ్యత చీఫ్ ఆఫీసరుది. ఎక్కడో దూరదేశపు రేవులో తలుపులు తీసి, సరుకు బూజు పట్టిందని అరిచినప్పుడల్లా ఆ అరుపులు నా మీదే. అలా తిట్లు తినీ తినీ ఒక సంగతి గ్రహించాను. ఓడలో పాడైందనుకునే సరుకు చాలావరకు ఓడలో పాడవదు. లారీ ఎక్కకముందు గోదాములోనే పాడై, ఓడ దిగేటప్పుడు బయటపడుతుంది.

ఓడ దిగాక ముంబయిలో కొన్నాళ్లు సరుకు సర్వేయరుగా పనిచేశాను. ఈలోగా భోకర్ రోడ్డు గోదాముల్లోనే పసుపు, పత్తి కంటైనర్లలో నింపి, సీలు వేసి, నేరుగా రేవుకు పంపే రోజులు వచ్చాయి. సరుకు మొదలయ్యే చోటే మనమూ ఉంటే పోలేదా అనుకుని నాందేడ్ వచ్చి సముద్ర వ్యవహారాల సలహా సంస్థ పెట్టాను. కంటైనర్ బాగుందా, సరుకు ఎండిందా, ఎలా పేర్చాలి, ఏది ఓడ ఎక్కకూడదు అన్నది చూసి, చెప్పి, నివేదిక మీద సంతకం పెట్టడం మా పని. ఇక్కడివాళ్లు కంటైనర్‌ను డబ్బా అంటారు. నన్ను జహాజ్ సాబ్ అనేవారు, అంటే ఓడ దొర. ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా నా నడక మారిపోయేదని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

నాతోపాటు ముఖ్యులు ఇద్దరు. ఒకరు ముఖేడ్ నుంచి వచ్చిన అమ్మాయి. కెమిస్ట్రీ చదివింది, తేమ పరీక్షలన్నీ ఆమెవే. నోరు తక్కువ, పట్టుదల ఎక్కువ. ఇప్పుడు ఆ సంస్థను నడుపుతున్నది ఆమే. రెండోవాడు ముకాదం, అంటే హమాలీల పెద్ద. ముప్పై ఏళ్లు గోదాముల్లో బస్తాలు మోసి, మోకాళ్లు అరిగాక మా దగ్గర చేరాడు. సరుకు ఎక్కించేటప్పుడు దగ్గరుండి చూసుకోవడం ఆయన పని.

ఈ ముకాదం చేరిన కొత్తలో నాతో ఒక మాట అన్నాడు. "మీరు గొట్టం గుచ్చి మీటర్ల చూస్తరు సాబ్. మాకు బస్త మెడ మీద పడంగనే తెలుస్తది. ఎండింది ఎచ్చగుంటది, పచ్చిది సల్లగుంటది." నేను పగలబడి నవ్వాను. నెల తిరిగేలోపు ఆ మాట రెండుసార్లు నిజమైంది. నవ్వడం మానేసి, మా నివేదికలో చివరన ఒక గడి పెట్టాను. దాని పేరు "మోసినవాళ్ల మాట". ఏ హమాలీ అయినా సరే, బస్తా చల్లగా తగిలితే పక్కన పెట్టవచ్చు. ఎందుకని ఎవరూ గద్దించకూడదు, పరీక్ష చేయాల్సిందే. ఆ గడిని ఎవరూ చదివేవారు కాదు. నిజం చెప్పాలంటే నాకూ కొంచెం నామోషీగానే ఉండేది. అందుకే చిన్న అక్షరాల్లో వేయించాను.

ఇక నా పరువు పోయిన కథ. మా మొదటి ఖాతాదారు ఒక పసుపు సేట్. తరాలుగా నాందేడ్‌లో ఉన్న తెలుగు వ్యాపారుల కుటుంబం. ఒక ఏడాది సీజన్ మొదటి డబ్బా బయలుదేరుతోంది. పొద్దున్నే ఖాళీ డబ్బా అంతా చూశాను. శుభ్రంగా, పొడిగా, ఏ ఇతర పదార్థమూ లేకుండా ఉందని రాసి సంతకం పెట్టాను. పసుపు బస్తాలు ఎక్కించారు. తలుపులు మూయబోతుంటే సేట్ తల్లి హారతి పళ్లెంతో వచ్చింది. ఎనభై ఏళ్లు దాటిన ఆవిడ. "కొడుకా, నీ చేతుల మీదుగనే కావాలె. సముద్రం మీద తిరిగినోనివి," అంది.

అలా అడిగితే ఎవరు ఉబ్బిపోరు? కొబ్బరికాయ నేనే కొట్టాను. బంతిపూల దండ తీసుకుని తలుపు లోపలివైపు కొక్కేనికి నేనే కట్టాను. ఒక కొబ్బరి చిప్ప, రెండు నిమ్మకాయలు బస్తాల పక్కన మూలకు పెట్టాను. కుంకుమ బొట్టు పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు. తలుపులు మూసి సీలు వేశాను. ఓడ మీద ఏ కుర్రాడైనా ఆ పని చేసి ఉంటే ఆ రేవులోనే దింపేసి ఉండేవాణ్ని. సొంత ఊరి గాలి తగిలి, కొడుకా అనే పిలుపు వినేసరికి ఇరవై ఏళ్ల చదువు ఎటు పోయిందో పోయింది.

నెలన్నర తర్వాత అవతలి రేవు నుంచి సేట్ ఫోనుకు ఒక ఫోటో వచ్చింది. తెరిచిన తలుపు, వడలి నల్లబడిన బంతిపూలు, బూజు పట్టిన చిప్ప, నిమ్మకాయ మీద పాకుతున్న పురుగులు. మొక్కల తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసే అక్కడి అధికారులు డబ్బా మొత్తాన్నీ వెనక్కి తిప్పి పంపారు. ఫోటో పక్కన నా నివేదిక. "ఏ ఇతర పదార్థమూ లేదు." కింద నా సంతకం, కొట్టొచ్చినట్టు కనపడేలా.

సేట్ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే తల్లిని కూడా అన్నట్టవుతుంది గనక ఊరుకున్నాడు. ఆ కొనుగోలుదారు మాత్రం మళ్లీ ఆయన సరుకు అడగలేదు. అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి వచ్చింది. పూజ ముందు, అదీ బయట. ఆ తర్వాతే డబ్బా చూడటం. తలుపులు మూసి సీలు పడ్డాకే సంతకం.

రెండేళ్లు గడిచాయి. అప్పుడు పడింది అసలు దెబ్బ. వచ్చే సీజన్ నుంచి ఓడ సరుకుల సర్వేయర్లు, సలహా సంస్థల సంఘంలో సభ్యత్వం ఉన్నవాళ్ల నివేదికలే చెల్లుతాయని బీమా కంపెనీలు ఉత్తరాలు పంపాయి. సభ్యత్వం రాకపోతే మా సంతకం ఉన్న కాగితం పొట్లం కట్టుకోవడానికి తప్ప పనికిరాదు. ఆఫీసు మూసేసుకోవలసిందే. ఆ సంఘం ముంబయిలో. సభ్యులంతా రేవు పట్టణాలవాళ్లు. అక్కడున్న పాత స్నేహితుడికి ఫోన్ చేసి, సంస్థ పేరు మీద దరఖాస్తు పెడుతున్నామని చెబితే, "మీ ఊరి గోదావరిలోకి ఓడ ఎప్పుడు వస్తోంది?" అని నవ్వాడు. నవ్వు ఆగాక, వాళ్లు ఒప్పుకోవడం కష్టమని మెల్లగా చెప్పాడు.

నాకు రోషం వచ్చింది. ఆ వారమే ఫారం తెప్పించి నేనే కూర్చుని నింపాను. అందులో ఒక ప్రశ్న ఉంది. మీ నివేదిక ఏదైనా ఎప్పుడైనా వివాదంలో పడిందా, పడితే వివరాలు రాయండి. నేను "లేదు" అని రాసి, ఫారాన్ని మా కెమిస్ట్రీ అమ్మాయికి ఒకసారి చూడమని ఇచ్చాను. ఆమె చదివి తిరిగి నా బల్ల మీద పెట్టింది.

"సార్, గీడ లేదని రాసిండ్రు."

"అవును."

"మరి పూలదండ?"

"అది నివేదిక తప్పు కాదు. నేను సంతకం పెట్టినప్పుడు డబ్బ ఖాళీగనే ఉండె."

"సంతకం పెట్టిన చెయ్యే గద సార్, దండ కట్టింది?"

నా కోపం సంగతి నాతో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. లేచి నిలబడ్డాను. "నువ్వు జన్మల ఎప్పుడన్న ఓడ చూసినవా?" అని అరిచాను.

"లేదు సార్. ఫోటో చూసిన." గొంతు పెంచలేదు. "రాస్తె మనకు రాకపోవచ్చు. రాయకుంటె రేపు ఎవలన్న గా ఫోటో తెచ్చి ముందట పెడితె ఏం మొఖం పెట్టుకొని తిరుగుతం? మీకు వేరే పని దొరుకుతది సార్. నాకు గిదొక్కటే ఉన్నది."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ నా బల్ల మీద తేమ పరీక్షల కాగితాలు పెట్టి, నమస్తే సార్ అని చెప్పి పోయేది. మూడో రోజు ఫారంలో "లేదు" కొట్టేసి, ఒక పూర్తి పేజీ రాశాను. కొబ్బరికాయ, నిమ్మకాయలు, దండ ఎవరు కట్టారు, సంతకం ఎప్పుడు పెట్టారు, తర్వాత పద్ధతి ఎలా మార్చుకున్నాం అన్నీ రాసి, ఫోటో కూడా జత చేశాను.

నెల తర్వాత సంఘం నుంచి జవాబు వచ్చింది. సభ్యత్వం ఇవ్వలేదు, కాదనలేదు. తమ మనిషి ఒకరు వచ్చి మా పని కళ్లారా చూస్తారని, ఆయన్ను నిజంగా సరుకు ఎక్కించే రోజునే పిలవమని రాశారు. ఆ సీజన్‌లో సేట్ మొదటి డబ్బా ఎక్కించే రోజునే ఖాయం చేశాం. ఇంకే డబ్బా అయినా నాకు అంత బెదురు ఉండేది కాదు.

వచ్చింది ఓడ కెప్టెన్‌గా చేసి విరమించిన పెద్దమనిషి. బక్కపలుచని మనిషి, ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా, చేతిలో చిన్న నోటుపుస్తకం. పొద్దున రైలు దిగుతూనే ఇంగ్లీషులో ఒకటే అడిగాడు. ఇక్కడికి దగ్గర రేవు ఎంత దూరమని. "లారీకి ఒక రోజు ప్రయాణం" అన్నాను. రాసుకున్నాడు. దారంతా ఇక నోరు విప్పలేదు. మాట్లాడని మనిషి పక్కన కూర్చుంటే నేను అనవసరంగా వాగుతాను. ఆ రోజు వాగాను కూడా.

గోదాము దగ్గర పండగ హడావిడి. సేట్ తెల్లవారకముందే పైపు పెట్టించి ఆవరణంతా నీళ్లు కొట్టించాడు. ముగ్గులు వేయించాడు. "ముంబై నుంచి పెద్దమనిషి వస్తుండు గద, మన ఇజ్జత్ మాట," అన్నాడు నాతో. పూజ లారీ ముందు టైరు దగ్గర జరిగింది. సేట్ తల్లి దండను లారీ అద్దానికి కట్టించి, కెప్టెన్ వైపు తిరిగి, "లోపట కట్టొద్దన్నడు మీవోడు. గందుకే ఈడ కడుతున్న," అని నన్ను చూపిస్తూ ఫిర్యాదు చేసింది. ఆయనకు తెలుగు ముక్క రాదు, తల ఊపాడు. నా చెవులు మాత్రం కాలిపోయాయి.

తర్వాత డబ్బా చూడటం. లోపల నిలబడి తలుపులు మూయించుకోవాలి. ఎక్కడైనా చిల్లు ఉంటే వెలుతురు గీత కనిపిస్తుంది. కెప్టెన్ కూడా నాతో లోపలికి వచ్చాడు. ఏప్రిల్ ఎండలో ఇనుప డబ్బా, ఇద్దరు ముసలివాళ్లం, ఒక్క గీత కూడా లేని చీకటి. బయటికి వచ్చి చొక్కాలు పిండుకునేంత చెమటతో నిలబడ్డాం. సరుకు ఎక్కించమన్నాను.

సగం డబ్బా నిండింది. మధ్యాహ్నం దాటింది. ఒక హమాలీ బస్తా మోసుకొస్తూ దారిలోనే దింపేశాడు. వాడి వెనకవాడు ఇంకోటి దింపాడు. మూడోది కూడా. ముకాదం చేయెత్తి మరాఠీలో "థాంబా!" అని అరిచాడు. అందరూ ఆగిపోయారు.

కెమిస్ట్రీ అమ్మాయి వచ్చి మూడు బస్తాల్లోనూ నడుమ గొట్టం గుచ్చి, కొమ్ములు తీసి పరీక్షించింది. "మీటర్ల సరిగనే ఉన్నది సార్. హద్దు లోపలనే," అంది.

సేట్‌కు ఓపిక తక్కువ. "మీటర్ సరిగున్నదంటున్నది గద, మల్ల ఏంది? లారీ పొద్దుగూకక ముందు కదలాలె. ఆడ జహాజు మనకోసం కూసుంటదా?"

ముకాదం ఒక బస్తా లేపించుకుని తన మెడ మీద పెట్టించుకున్నాడు. కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. "సల్లగున్నది సాబ్," అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. నాలుగడుగుల దూరంలో కెప్టెన్ నోటుపుస్తకం తెరిచి నిలబడి ఉన్నాడు. అప్పుడు నా తలలో తిరిగిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. సంఘం మనిషి ముందు మీటరు మాట కాదని ఒక హమాలీ మెడ మాట వింటే మనల్ని ఏమనుకుంటాడు? రేవుల్లో ఉన్నవాళ్లతో సమానమని చెప్పుకోవడానికే గదా ఇన్ని పాట్లు? పద్ధతి నేను పెట్టిందే. ఆ గడి నేను అచ్చు వేయించిందే. అయినా నా నోటివెంట వచ్చిన మాట ఇది.

"ఎక్కియ్యండి."

ముకాదం నన్ను చూశాడు. మెడ మీది బస్తా కింద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. "మీరు సంతకం చేస్తరు సాబ్, చెయ్యుండ్రి. నేనైతె ఎక్కియ్య," అన్నాడు. హమాలీలు ఒక్కరూ కదల్లేదు.

పదేళ్లలో ఆయన నాకు ఎదురు చెప్పింది అదే మొదటిసారి. నా మొహం ఎంత ఎర్రబడిందో నాకే తెలిసింది. అరవడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు ఆయన కూర్చున్న తీరు చూశాను. ధిక్కారం లేదు. భయం ఉంది, మెడ మీది తువ్వాలు తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఉద్యోగం పోతుందని తెలిసి కూర్చున్నాడు. "బస్త విప్పి పొయ్యండి," అన్నాను.

టార్పాలిన్ పరిచి బస్తాను గుమ్మరించారు. పైన ఉన్న కొమ్ములు ఎండి గలగలమన్నాయి. అడుగు మూల నుంచి పడ్డవి మాత్రం ముద్దగా, ఒకదానికొకటి అంటుకుని పడ్డాయి. పిడికిట్లోకి తీసుకుంటే నా అరచేయి తడి పసుపయింది. ఎండిన పసుపు అలా అంటదు. పొద్దున కొట్టించిన నీళ్లు గోదాము అరుగు మీద అంచున పేర్చిన బస్తాల వరుస కిందికి పారాయి. పైన గోనె ఎండకు ఆరిపోయింది, అడుగున తడి మిగిలింది. గొట్టం నడుమ గుచ్చాం గనక మీటరుకు ఎండిన పసుపే దొరికింది. మీటరు అబద్ధం చెప్పలేదు, మేమే దాన్ని తప్పు చోట అడిగాం.

అరుగు అంచు వరుసంతా పక్కన పెట్టమన్నాను. ఎక్కించిన వాటిలో ఆ వరుసవి దింపి చూడమన్నాను. సేట్ నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు. "దింపుడు ఎక్కుడు అయ్యేవరకు పొద్దుగూకుతది. ఈ జహాజు పోతది. నువ్వు నా మనిషివా, ఆల్ల మనిషివా?"

"సేట్, గీ డబ్బ గిట్లనే పోతె మల్ల ఫోటో అస్తది," అన్నాను.

ఆయన భుజం మీది చేయి తీసేశాడు. అటు కుర్చీలో కూర్చున్న తల్లి, "పొద్దుపొద్దున గన్ని నీళ్లు కొట్టియ్యమన్నది ఎవలు?" అని గట్టిగా అడిగింది. "నేనేనే అవ్వా," అన్నాడు సేట్. హమాలీలు మొహాలు తిప్పుకుని నవ్వారు. కాసేపటికి సేట్ కూడా నవ్వాడు, ఏడవలేక. ఆ డబ్బా మర్నాడు కదిలింది. ఆ ఓడ తప్పిపోయి తర్వాతి ఓడ ఎక్కింది.

సాయంత్రం ఆఫీసులో కెప్టెన్ నా ఎదురుగా కూర్చున్నాడు. ఛాయ్ ముట్టుకోలేదు. సంచిలోంచి మా ఫారం తీసి ఒక గీత మీద వేలు పెట్టాడు. సరుకు ఎక్కించడం ఆపే అధికారం మీ సంస్థలో ఎవరికి ఉంది అన్న ప్రశ్న. అక్కడ నా పేరు ఒక్కటే రాసి ఉంది.

"ఇవాళ ఆపింది మీరు కాదు," అన్నాడు. "మీరు ఎక్కించమన్నారు. భాష తెలియకపోయినా అది నాకు అర్థమైంది."

అయిపోయింది అనుకున్నాను. నా ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మాయి మొహం చూడలేకపోయాను. నాకు వేరే పని దొరుకుతుందని, తనకు ఇదొక్కటే ఉందని ఆమె అన్న మాటే చెవిలో మోగింది. "నిజమే. నేను తప్పు చెప్పాను. ఆయన నా మాట వినలేదు," అన్నాను.

కెప్టెన్ ఫారం నా వైపు జరిపి, జేబులోని కలం తీసి పైన పెట్టాడు. "అయితే ఈ జవాబు తప్పు. సరిచేయండి."

అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. కలం తీసుకున్నాను. రాయబోయి ఆగాను. పదేళ్లుగా ముకాదం అని పిలవడమే తప్ప ఆ మనిషి పూర్తి పేరు నాకు తెలియదు. జీతాల పుస్తకం ఎప్పుడూ ఆ అమ్మాయే చూసేది. సిగ్గుతో తల దించుకుని, బయట మెట్ల మీద కూర్చున్న ఆయన్ను లోపలికి పిలిచాను.

"నీ పూర్తి పేరేంది?"

"ఎందుకు సాబ్?" గుమ్మంలోనే ఆగిపోయాడు. "పనిల కెల్లి తీసేస్తుండ్రా?"

"తీసేసుడు కాదు. డబ్బ ఆపే హక్కు నీకున్నదని ఇండ్ల రాయాలె."

తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మెల్లగా, విడివిడిగా చెప్పాడు. నా పేరు కింద రాశాను. ఈ జ్ఞాపకాల్లో ఎవరి పేర్లూ చెప్పకూడదని నేను పెట్టుకున్న నియమం నాకు కష్టంగా తోచేది ఇక్కడే. ఆయన వంగి ఫారంలోకి చూశాడు. "ఇంగ్రేజీల గిట్లుంటదా నా పేరు?" అన్నాడు. ఆ పక్కన మరాఠీలో సంతకం చేశాడు. చాలాసేపు పట్టింది. కెప్టెన్ అంతసేపూ ఓపిగ్గా కూర్చుని, అప్పుడు చల్లారిన ఛాయ్ తాగాడు.

రైలు ఎక్కించేటప్పుడు ఇక ఆగలేక అడిగాను, ఆ పూలదండ పేజీ గురించి మీవాళ్లు ఏమన్నారని. "అది చదివి ఇద్దరు నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వలేదు. ఇంత చెప్పుకున్నవాళ్లను చూడకుండా కాదనకూడదు, ఎవరైనా వెళ్లాలన్నాడు," అన్నాడు.

"ఆ నవ్వనిది మీరేనా?"

"కాదు. నేను బాగా నవ్వాను," అని పెట్టె ఎక్కాడు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సంఘం మా సంస్థను సభ్యసంస్థగా చేర్చుకుంది. సంస్థ పేరు కింద ఊరి పేరు నాందేడ్ అని ఉంది. పైనా కిందా అన్నీ రేవు పట్టణాలే. "మోసినవాళ్ల మాట" గడి నమూనా పంపమని, మిగతా సభ్యులకు చూపిస్తామని కూడా రాశారు. ఆ ఉత్తరాన్ని అందరినీ నిలబెట్టి గట్టిగా చదివాను. తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. ఆ గడిని తర్వాతి అచ్చులో పెద్ద అక్షరాల్లో వేయించాం. ముంబయి స్నేహితుడికి ఫోన్ చేసి గోదావరిలోకి ఓడ వచ్చిందని చెప్పాను. అంత చిల్లరతనం నాలో ఉంది, ఒప్పుకుంటాను.

పిల్లలూ, ఇక్కడితో ఆపితే కథ నాకు అనుకూలంగా ఉంటుంది. కానీ నాకు నిజంగా గర్వంగా అనిపించిన రోజు అది కాదు. తర్వాతి సీజన్‌లో ఒక మధ్యాహ్నం ముకాదం మళ్లీ "థాంబా!" అన్నాడు. ఆ డబ్బా సరుకు నేను స్వయంగా చూసి సరేనన్నది. లారీ ఆగింది. బస్తా పైనా, నడుమా, అడుగునా గుచ్చి చూశాం. ఎండే ఉంది. విప్పి పోశాం. ఐదు బస్తాలు పోశాం. ప్రతి కొమ్మూ విరిస్తే టక్కుమంది. ఎక్కడా తడి లేదు. ఆ రోజు ఆయన పొరబడ్డాడు. లారీ సగం పూట ఆలస్యమైంది. సేట్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు తప్ప నోరు మెదపలేదు. హమాలీలు కూడా గొణగలేదు. పోసిన పసుపు మళ్లీ బస్తాల్లోకి ఎత్తి కుట్టేశారు.

ముకాదం నా దగ్గరికి వచ్చాడు. "నేను తప్పిన సాబ్," అన్నాడు, నేల చూస్తూ.

"అనుమానం అచ్చింది, ఆపినవ్. గందుకే నీ పేరు రాసినం," అన్నాను.

సముద్రం మీద ఇరవై ఏళ్లలో ఏ రేవులోనూ నాకు అంత గర్వంగా అనిపించలేదు. వారం తిరక్కముందే ముకాదం ఇంకో డబ్బా ఆపాడు, ఈసారి నా మొహం వైపు చూడకుండానే.